బేసి సాంచాలు ముందు

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. దాన్ని బాగుచేసేవాణ్ని జాబర్ అంటారు. నేను ముప్పై ఏళ్లకు పైగా జాబర్‌గా బతికాను. ఇప్పుడు ఐటీఐ చదివి షెడ్లలోకి వస్తున్న పిల్లలు కనబడినప్పుడల్లా "పెద్దనాయనా, గీ పనిల అసలు సంగతేంది?" అని అడుగుతారు. ఏ నట్టుకు ఏ పానా పడుతుందో వాళ్లకు నాకంటే బాగా తెలుసు. కొత్త యంత్రాల్లో నాకు అంతుబట్టని బోర్డులను కూడా వాళ్లు విప్పి బిగిస్తారు. కాబట్టి పనిముట్ల గురించి రాయను. ఒక తప్పు గురించి రాస్తాను. దానివల్ల ఒక మనిషి ఊరు వదిలి పోయాడు. తెలియక చేసిన తప్పయితే ఇన్నేళ్లు గుర్తుండేది కాదు. పుస్తకం చదివినందువల్ల చేశాను.

చెవి, పుస్తకం

జాబర్‌కు ముందు చెవి కావాలి. షెడ్డు గుమ్మంలో నిలబడితే అన్ని సాంచాల మోత కలిసి ఒక్కటే హోరుగా వినిపిస్తుంది. కొత్తవాడికి అది గోల. నాలుగైదేళ్లు గడిచాక ఆ హోరులోంచి ఒక్కో సాంచా విడిగా వినబడుతుంది. నాడె, అంటే పడుగు దారాల నడుమ అటూ ఇటూ పరుగెత్తే షటిల్, గూటికి మెత్తగా తగులుతోందా, గట్టిగా గుద్దుతోందా అన్నది చెవితోనే పట్టాలి. గట్టిగా గుద్దుతుంటే ఆ పూటే చూడాలి. రేపు చూద్దామనుకుంటే రేపటికి అది ఎగిరి ఎవరికో తగులుతుంది.

చెవి నాకు పనిలో వచ్చింది. మిగిలింది లైబ్రరీలో వచ్చింది. మాది బోయినపల్లి పక్క పల్లె. మా నాయన కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. నేను ఏడో తరగతితో బడి మానేసి సిరిసిల్ల వచ్చాను. కరెంటు లేని వేళల్లో తోటివాళ్లు చాయ్ హోటల్లో కూర్చుంటే నేను లైబ్రరీలో కూర్చునేవాణ్ని. కథల పుస్తకాలు నాకు ఎక్కలేదు. విజ్ఞాన శాస్త్రం అరలో ఉన్నవన్నీ చదివాను, కొన్ని మూడుసార్లు. ఇంగ్లిష్ మాటలకు నిఘంటువు పక్కన పెట్టుకుని నోటుబుక్కులో అర్థాలు రాసుకున్నాను. అందరూ నన్ను లైబ్రరీ మల్లేశం అనేవాళ్లు. సగం మంది ఎగతాళికే అనేవాళ్లని తెలుసు. మిగతా సగం కోసం నేను ఛాతీ విరుచుకుని తిరిగాను.

ఆ పుస్తకాల్లో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఒకటుంది. గ్లాసుడు నీళ్లలో ఒక చుక్క నీలం వేస్తే కాసేపటికి నీళ్లంతా ఒకే లేత నీలం. చుక్క ఎక్కడ పడిందో ఆ నీళ్లను చూసి ఎవరూ చెప్పలేరు. లెక్కలేనన్ని భాగాలున్న ఏ గుంపైనా అంతేనట. భాగాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, వీలున్న అమరికలన్నిటి గుండా తిరుగుతాయి. దేన్నీ ప్రత్యేకంగా పట్టుకుని కూర్చోవు. అందుకే గుంపు తన మొదలును మరిచిపోతుంది. శాస్త్రజ్ఞులు దీనికి ఎర్గోడిసిటీ అని పేరు పెట్టారు. ఆ మాట నోరు తిరగడానికి నాకు వారం పట్టింది. తిరిగాక చాయ్ హోటల్లో ఎంతమందికి చెప్పానో గుర్తులేదు.

ఒక్కొక్కరికి ఒక్క సాంచా

మా ఆసామి పేరు అంజయ్య. ఆసామి అంటే షెడ్డు యజమాని. సేటు దగ్గర నూలు తెచ్చి, మా చేత నేయించి, బట్టను తిరిగి సేటుకిచ్చేవాడు. పెద్దగా ఉన్నవాడు కాదు, చెడ్డవాడూ కాదు. భయస్తుడు.

నేను చెప్పే రోజుల్లో సేట్లు నూలు సగానికి తగ్గించారు. పట్టణంలో రోజుకో షెడ్డు మూతపడుతోంది. సాంచాలను సుత్తెలతో పగలగొట్టి ఇనుము కింద అమ్ముతున్నారు. మహారాష్ట్రలోని మగ్గాల ఊరు భివండికి పోయే బస్సులో సీటు దొరకడం లేదు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు వాళ్లు ఎప్పటినుంచో దుబాయి పోతున్నారు. ఇప్పుడు మావాళ్లు కూడా అక్కడి ఏజెంట్ల కోసం అడ్రసులు అడగడం మొదలుపెట్టారు. కొన్ని ఇళ్లలో ఇంతకంటే ఘోరాలు జరిగాయి. వాటి గురించి పేపర్లలో వచ్చింది, నేను రాయను.

అంజయ్య మాత్రం ఎవరినీ తీయలేదు. నేతగాళ్లు ఒక్కసారి భివండి పోతే మళ్లీ దొరకరని అతని లెక్క. మా షెడ్డులో పద్నాలుగు సాంచాలు ఒకే వరుసలో ఉండేవి. మంచి రోజుల్లో ఆ వరుసను ముగ్గురు నడిపేవాళ్లు. ఇప్పుడు ఉన్న పనిని అందరికీ పంచి, ఒక్కొక్కరికి ఒక్క సాంచా ఇచ్చాడు. పద్నాలుగు సాంచాలకు పద్నాలుగు మంది.

ఆ నెలలోనే ఒక నాడె ఎగిరి పక్క సాంచా దగ్గర నిలబడ్డ మనిషి కణతకు తగిలింది. బతికాడు గాని కన్ను పోయింది. సాంచాల నడుమ వలలు కట్టాలని నేను చెప్పాను. "నూలు మంచిగ రానీ, కడుదాం" అన్నాడు అంజయ్య. వలలకు బదులు ఒక రూలు పెట్టాడు. పక్కపక్క సాంచాలు రెండూ ఒకేసారి నడవకూడదు. నీకు అటువైపుదీ ఇటువైపుదీ ఆగి ఉంటేనే నీది నడపాలి. ఆగిన సాంచా దగ్గర మనిషి నిలబడక్కర్లేదు కాబట్టి నాడె ఎగిరినా ఎవరికీ తగలదు. ఎట్లాగూ సగం నూలే ఉంది కాబట్టి దీనివల్ల ఉత్పత్తి తగ్గేదేమీ లేదు. ఒక డబ్బా కండెలు, అంటే పేకదారం చుట్టిన పుల్లలు, అయిపోయేదాకా నడిపి, ఆపి, పక్కవాళ్లకు దారివ్వాలి. డబ్బాకు ముప్పావుగంట పడుతుంది.

పొద్దున మనుషులు ఒక్కొక్కరే వస్తారు కాబట్టి గొడవ లేదు. ఎవరికి వీలైతే వాళ్లు మొదలుపెట్టేవాళ్లు. గొడవంతా కరెంటు పోయి వచ్చినప్పుడు. పద్నాలుగు మందీ ఒక్కసారే హ్యాండిళ్ల మీదికి ఉరికేవాళ్లు. నేను ముందంటే నేను ముందని కాలర్లు పట్టుకున్న రోజులున్నాయి. అప్పుడు నేనే ఒక ఉపాయం చేశాను. సాంచాల మీద సుద్దముక్కతో నంబర్లు వేశాను. కరెంటు వచ్చినప్పుడు ముందు బేసి నంబర్లు, వాటి డబ్బాలు అయ్యాక సరి నంబర్లు. ఆ తరువాత ఎవరి వీలు వాళ్లది. అందరూ ఒప్పుకున్నారు. అంజయ్య నా భుజం తట్టాడు.

షెడ్డు మూగబోయింది

రెండు వారాలకు అంజయ్య నన్ను పక్కకు పిలిచాడు. అతని ఇల్లు షెడ్డును ఆనుకునే ఉంటుంది. మోత ఆగితే అన్నం తినేవాడు కూడా తలెత్తుతాడు.

"మల్లేశం, ఇన్నవా? షెడ్డు మొత్తం ఒక్కపారే సప్పుడు బంద్ అయితంది. రెండు మూడు నిమిషాలు. మళ్ల షురూ అయితది. ముప్పావుగంటకు మళ్ల బంద్. గిది ఏంది?"

నేనూ విన్నాను. మామూలు రోజుల్లో ఏ వేళ చూసినా ఐదో ఆరో సాంచాలు నడుస్తూ ఉంటాయి. ఎప్పుడు ఏవి నడుస్తాయో చెప్పలేం గాని హోరు తెగదు. కొన్ని రోజులు మాత్రం అట్లా కాదు. ఏడు సాంచాలు నడిచి, దాదాపు ఒకేసారి ఆగి, నూనె డబ్బాలు చేతులు మారి, మిగతా ఏడు లేచేవి. వాటి వంతు అయ్యాక మళ్లీ ఆ మొదటి ఏడు. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా అంతే. నడుమ ప్రతిసారీ ఆ నిశ్శబ్దం. పొద్దుగూకే వేళకు అది కొంచెం చిరిగేది, ఒకటి రెండు సాంచాలు ఆ నిశ్శబ్దంలోనూ ఆడుతుండేవి, అయినా పోయేది కాదు.

"కూలి పెంచాలని భూమయ్య అడిగిండు గదా. గప్పటి సంది నడుస్తంది గీ కత," అన్నాడు అంజయ్య. "సైగ చేస్తుండు. అందరు ఒక్కమాట మీద ఆపుతుండ్రు. ఇయ్యాల మూడు నిమిషాలు, రేపు మూడు దినాలు."

భూమయ్యది ఐదో నంబర్ సాంచా. నాకంటే నాలుగేళ్లు చిన్న. మాట పడడు. మిగతావాళ్ల తరఫున ఆసామితో మాట్లాడేది అతనే. భార్య లచ్చవ్వ ఇంట్లో బీడీలు చుట్టేది. అతని గురించి అంతవరకు చెడుగా చెప్పుకునేది ఏమీ లేదు.

"నువ్వు సదువుకున్నోనివి. చెప్పు. ఎవ్వలు చెప్పకుంట గిట్ల దానంతటదే అయితదా?" అన్నాడు అంజయ్య.

అంత పెద్ద ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. రేపు చెప్తానన్నాను. మర్నాడు పొద్దున నుంచి సాయంత్రం దాకా నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను. కరెంటు పోలేదు. అదృష్టం అనుకున్నాను, పరీక్ష శుభ్రంగా జరుగుతుందని. పదేసి నిమిషాలకు ఏ సాంచా నడుస్తోంది, ఏది ఆగింది అని గీతలు పెట్టాను. గీతల్లో ఎక్కడా ఏ వరుసా లేదు. గ్లాసులో నీలం కలిసినట్టే షెడ్డు కలిసిపోయింది. మూగబోవడం ఒక్కసారి కూడా జరగలేదు.

నా పుస్తకం చెప్పింది కళ్ల ముందు రుజువైంది. వదిలేస్తే షెడ్డు తన మొదలు మరిచిపోతుంది. మరి, కొన్ని రోజులు మాత్రం మరిచిపోవడం లేదంటే, ఎవరో గుర్తుచేస్తున్నారన్న మాట.

భూమయ్య చెప్పింది

అంజయ్య ముందు నిలబెట్టి అడిగినప్పుడు భూమయ్య నవ్వాడు.

"మల్లేశన్నా, బేసి ముందు నడవాలె, సరి ఎన్క నడవాలె అని సుద్దతోని రాసింది నువ్వే గదనే. గట్లనే నడుస్తున్నయ్."

"గది మొదటి వంతుకే," అన్నాను. "నీ సాంచా ఉరుకుతది. ఎనిమిదోది నత్త తీర్గ నడుస్తది. రెండు వంతులకే చెదిరిపోవాలె. ఆరో వంతుకు గూడ ఒక్కపారే ఎట్ల ఆగుతున్నయ్?"

"నాదాన్ని నేను ఎంత ఉరికిచ్చినా ఏం ఫాయిదా? పక్కోనిది ఆగేదాక నేను నిలవడాల్నాయె. వాడు వాని పక్కోని కోసం నిలవడాల్నాయె. రూలు నువ్వు చేసి నన్నడుగుతవేందే?"

"రూలు ఆసామిది."

"సుద్ద నీది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అది నాకు గుచ్చుకుంది. అంజయ్య నావైపు చూశాడు. నేను నోటుబుక్కు తెరిచి ముందురోజు గీతలు చూపించాను. రూలు నిన్న కూడా ఉంది, సాంచాలు నిన్న కూడా అవే, మనుషులు అవే. నిన్న మూగబోలేదు. కాబట్టి రూలు కారణం కాదు. మొదలు కూడా కారణం కాదు, ఎందుకంటే ఇంత గుంపులో మొదలు నిలవదు. శాస్త్రం ఒప్పుకోదు. "ఎవరో ఒకరు కలుపుతుంటేనే గిట్ల జరుగుతది" అన్నాను. భూమయ్య పేరు నేను ఎత్తలేదు. ఎత్తనక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రమే అతన్ని పనిలోంచి తీసేశారు. సాంచాలు ఆపించేవాడు అన్న పేరు పట్టణమంతా పాకింది. ఏ ఆసామీ అతన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. నెల తిరక్కుండా భార్యను ఆమె పుట్టిల్లు కోరుట్లలో దించి అతను భివండి బస్సెక్కాడు.

ఇక్కడ దాచకూడని మాట ఒకటుంది. అతను పోయిన తరువాతి వారం కరెంటు పోయి వచ్చింది. షెడ్డు మళ్లీ మూగబోయింది, మళ్లీ లేచింది, మళ్లీ మూగబోయింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. అంజయ్య వచ్చి పక్కన నిలబడి "సూసినవా, పోతపోత అందరికి నేర్పి పోయిండు" అన్నాడు. నేను తలూపాను. నా ఉద్యోగంలో నేను చేసిన అతి చెడ్డ పని ఏదంటే ఆ తలూపడం. మొదటిది తప్పు. రెండోది, నా మాట తప్పని అనుమానం వచ్చాక కూడా చేసింది. నేను చెప్పింది తప్పని ఒప్పుకుంటే లైబ్రరీ మల్లేశం పేరు పోతుందని భయపడ్డాను.

మరికొన్ని నెలలకు అంజయ్య కూడా సాంచాలు అమ్మేశాడు. ఇప్పుడు అతను లేడు. నేను వేరే షెడ్లలో పనిచేశాను, కొన్నేళ్లు కోరుట్ల వైపు కార్ఖానాలకు కూడా తిరిగాను. భూమయ్య ఇంటి సందు తెలిసి కూడా ఆ వైపు పోలేదు.

జగిత్యాల లైబ్రరీలో

పని మానేశాక జగిత్యాలలో మా బిడ్డ దగ్గర ఉంటున్నాను. పొద్దున పదింటికి లైబ్రరీకి చేరతాను. పోటీ పరీక్షల పిల్లలు కుర్చీలన్నీ పట్టేస్తారు కాబట్టి తొందరగా పోవాలి. అక్కడ ఒక ఇంగ్లిష్ సైన్సు పత్రికలో 'క్వాంటం స్కార్స్' అనే వ్యాసం కనబడింది. స్కార్ అంటే గాయం మానాక మిగిలే మచ్చ. నాలుగు రోజులు నిఘంటువుతో కుస్తీపట్టాను. సగం తెలిసింది. అదే లైబ్రరీకి సెలవు రోజుల్లో వచ్చే ఫిజిక్సు లెక్చరర్ ఒకరున్నారు, సుమలత మేడం. మొహమాటం లేకుండా ఆమె ముందు పత్రిక పెట్టాను.

"ఇది మీరు చదివిండ్రా అంకుల్?" అని ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యం నాకు బాగానే ఉంది.

ఆమె చెప్పింది నా మాటల్లో రాస్తాను. పరమాణువులను కాంతితో పట్టి ఒక వరుసలో నిలబెడతారు. లేజరు వెలుతురు వేస్తే ఒక్కో పరమాణువు ఉబ్బి లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. లేచినది తన పక్కదాన్ని లేవనివ్వదు. అంటే అటుదీ ఇటుదీ కూర్చుని ఉంటేనే నడిమిది కదలగలదు. ఇట్లాంటి వరుసను ఎట్లా మొదలుపెట్టినా కాసేపటికి కలగాపులగమై మొదలును మరిచిపోవాలని అందరూ అనుకున్నారు. చాలా మొదళ్లకు అట్లాగే జరిగింది కూడా. కానీ ఒకటి విడిచి ఒకటి లేచి ఉన్న అమరికతో మొదలుపెట్టినప్పుడు వరుస మరిచిపోలేదు. లేచినవి కూర్చున్నాయి, కూర్చున్నవి లేచాయి, మళ్లీ మొదటికి వచ్చాయి. అట్లా ఊగుతూనే ఉంది.

నేను కుర్చీలో వెనక్కి జారాను. ఆమె గమనించకుండా చెప్పుకుపోయారు. ఆ వరుసకు వీలున్న శక్తి స్థితులు లెక్కకు అందనన్ని. వాటిలో దాదాపు అన్నీ మామూలువే, ఏ ఒక్కదాన్ని తీసి చూసినా కలిసిపోయిన నీళ్లలాగే ఉంటుంది. వాటి నడుమ అక్కడక్కడ కొన్ని మాత్రం వేరుగా ఉంటాయి, హార్మోనియం మెట్లలాగా ఇంచుమించు సమానమైన ఎడంతో. ఒకటి విడిచి ఒకటి అన్న మొదలు ఎక్కువగా ఆ కొన్నింటితోనే తయారై ఉంటుంది. ఎడం సమానం కాబట్టి అవి విడిపోయినా మళ్లీ ఒక తాళానికి వస్తాయి. మచ్చ అనే పేరు ఇంకా పాతది. స్టేడియం ఆకారంలో ఉన్న గోడల నడుమ ఒక్క కణం తిరుగుతుంటే దాని అల అంతటా సమంగా పరుచుకోవాలి కదా, కొన్ని స్థితుల్లో ఒక దారి వెంబడే గాఢంగా మిగిలిపోతుందట. దాన్ని మచ్చ అన్నారు. ఇక్కడ గుంపులో కనబడింది కాబట్టి గుంపు మచ్చ.

"అన్నిటికీ ఇట్లనే అయితదా మేడం?"

"కాదు. అన్నీ ఇరుక్కుపోయి కదలకుండా ఉండే పదార్థాలు వేరే ఉన్నయి. ఇది అది కాదు. ఇక్కడ వ్యవస్థ మంచిగనే మరిచిపోతది. కొన్ని మొదళ్లను మాత్రమే మరువదు. అది గూడ ఎప్పటికీ కాదు, మెల్లగ మాసిపోతది."

నేను కాగితం మీద పద్నాలుగు గడులు గీసి సాంచాల సంగతి చెప్పాను. రూలు, సుద్ద నంబర్లు, మూగబోవడం, నా నోటుబుక్కు. భూమయ్య సంగతి కూడా. ఆమె ఆ గడుల మీద వేలు నడిపిస్తూ ఒకటి విడిచి ఒకటి లెక్కపెట్టారు.

"అంకుల్, ఒకటి చెప్త, ఏమనుకోకండి. ఇది క్వాంటం కాదు. మీ సాంచా ఒకేసారి నడుస్తూ ఆగి ఉండదు గదా. పరమాణువులల్ల జరిగేదానికి కారణం వేరే. ఇక్కడ రూలూ, మొదలూ చాలు. రెండు ఆగినంక నడిమిది లేవాలన్నప్పుడు ఉరికేది నెమ్మదిదాని కోసం ఆగక తప్పదు. అందుకే వరుస చెదరదు."

"గిదే మాట భూమయ్య చెప్పిండు."

"మీ పరీక్షల తప్పు ఎక్కడుందో తెలిసింది గదా?"

తెలిసింది. నేను పరీక్ష చేసిన రోజు కరెంటు పోలేదు. మనుషులు ఒక్కొక్కరే వచ్చి ఎట్లా పడితే అట్లా మొదలుపెట్టిన రోజు అది. మూడోది, ఆరోది నడుస్తుంటే నడుమ నాలుగూ ఐదూ రెండూ ఊరికే నిలబడ్డాయి. అట్లాంటి సందులతో మొదలైన వరుస కలగాపులగంగానే సాగుతుంది. ఒక్క తీరు మొదలును చూసి అన్ని మొదళ్ల మీద తీర్పు చెప్పాను. శాస్త్రం ఒప్పుకోదని చెప్పాను గాని, శాస్త్రం 'దాదాపు అన్నిటికీ' అంటోంది. నేను 'దాదాపు'ను వదిలేసి చదివాను.

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లకు ఇక్కడ ఒక్క మాట. యంత్రం ఎప్పుడో ఒకప్పుడే వింతగా నడుస్తుందని నేతగాడు చెబితే, అది మంచిగా నడిచిన రోజున పోయి చూసి, వాడిని అబద్ధాలకోరు అనకండి. వింత ఎట్లా మొదలైందో అడిగి, అట్లాగే మొదలుపెట్టి చూడండి. ఆసామి అడిగినంత మాత్రాన మనుషుల మీద తీర్పు చెప్పకండి. మన పని యంత్రం దగ్గర ఆగిపోతుంది.

కోరుట్లలో

భూమయ్య కొన్నేళ్ల క్రితమే తిరిగొచ్చాడని విన్నాను. భివండిలో చాలా ఏళ్లు చేశాడు, నడుమ ఒకసారి దుబాయి పోయి వచ్చాడు. ఇప్పుడు కోరుట్లలో ఇంటి ముందు కూర్చుని పసుపు వ్యాపారుల చిరిగిన గోనెసంచులు కుడుతున్నాడు. నేను బస్సు దిగి పోయేసరికి మధ్యాహ్నం. లచ్చవ్వ చేటలో తునికాకు కత్తిరిస్తోంది. అతను దబ్బనం ఆపి తేరిపార చూశాడు.

"లైబ్రరీ మల్లేశన్న గాదుల్లా? తొవ్వ తప్పినవా ఏంది?"

"తప్పలే. నీకోసమే అచ్చిన."

కూర్చోమనకముందే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనేమో అనిపించింది. నువ్వు సైగ చేయలేదు, ఎవరూ చేయలేదు, నేను తప్పు చెప్పాను, తరువాత తెలిసి కూడా నోరు మూసుకున్నాను అన్నాను. లచ్చవ్వ కత్తెర కింద పెట్టింది.

"ఏందన్న నువ్వనేది? మరి ఎవ్వలు ఆపిండ్రు?"

"ఎవ్వలు ఆపలే చెల్లె. వాటంతటవే ఆగినయ్."

"సాంచాలు వాటంతటవి ఎట్ల ఆగుతయ్? నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నవా?"

ఖాళీ గోనెసంచి ఒకటి పరిచి దానిమీద బొగ్గుతో పద్నాలుగు గీతలు గీశాను. ఆమె లోపలికి పోయి చింతగింజలు తెచ్చింది. నడిచే సాంచాకు గింజ, ఆగినదానికి ఏమీ లేదు. రెండు పక్కలా ఖాళీ ఉంటేనే గింజ పెట్టాలి. బేసి గీతలు నావి, సరి గీతలు ఆమెవి. నేను ఏడు గింజలు పెట్టాను. ఒక్కొక్కటే తీశాను, కావాలనే ఒకదాన్ని ఆలస్యం చేశాను. దాని పక్క గీతల మీద గింజ పెట్టబోయి ఆమె చెయ్యి ఆగింది.

"గిదాన్ని తియ్యవేందన్న? నాయి రెండు ఆగినయ్."

"నెమ్మది సాంచా చెల్లె. జర సేపు నిలవడు."

నేను తీశాక ఆమె గింజలు పెట్టింది. ఆమెవి అయ్యాక నావి. నాలుగో వంతుకు నేను నోరు మూసుకున్నా ఆమె చెయ్యే పనిచేసింది. నడుమ ఒక్క క్షణం సంచి మొత్తం ఖాళీగా మిగిలినప్పుడు ఆమె దానివైపే చూస్తూ ఉండిపోయింది.

"గిప్పుడు సప్పుడు లేదు," అంది మెల్లగా.

తరువాత భర్తవైపు తిరిగింది. "నువ్వే ఆపినవనుకున్ననయ్యా. నువ్వు లేదు లేదన్నా నమ్మలే. కూలి కోసం కొట్లాడి సంసారాన్ని ఆగం చేసినవని అందరి తోని అన్న. మా అన్న తోని గూడ అన్న."

"అన్నవ్," అన్నాడు భూమయ్య. "శాన పార్లు అన్నవ్." దబ్బనంలో దారం ఎక్కించుకున్నాడు. కోపం ఉందో లేదో నాకు తెలియలేదు.

సిరిసిల్లలో పాతవాళ్లు ఇంకా ఉన్నారని, అందరికీ చెప్తానని అన్నాను. అవసరమైతే రాసి ఇస్తానన్నాను. రాస్తే భివండిలో ఉన్న మనవాళ్ల దాకా కూడా పోతుందన్నాను.

అతను కుట్టడం ఆపాడు.

"భివండికి ఎందుకే?"

"నీ మీద పడ్డ పేరు గక్కడి దాక పోయింది గదా."

"పోయింది. నాకంటే ముందుగాల్నే పోయింది." మొదటిసారి అతని మొహంలో నవ్వు కనబడింది. "నేను బస్సు దిగంగనే మనోళ్లు అడిగిండ్రు, పద్నాలుగు సాంచాలను ఒక్క సైగ తోని ఆపినోడివి నువ్వేనా అని. నేను కాదంటే ఎవడు నమ్ముతడు? సరే అన్న. కూలి మాట్లాడేటందుకు సేటు తానకు నన్నే ముందట పెట్టిండ్రు. ఆ సేటు నన్ను సూసి కుర్సీ ఏసిండే. రెండుపార్లు కూలి పెంచిండు, నేను చెయ్యి సుత లేపలే. లేపుతనేమో అని పెంచిండు."

లచ్చవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను సంచి మీది గింజలు ఏరడం మొదలుపెట్టాను.

"గందుకని మల్లేశన్నా," అన్నాడు భూమయ్య, "సిరిసిల్లల చెప్పు. అందరికి చెప్పు. భివండిల చెప్పకు."